సారు చేతి మీద ఒక్కటిచ్చాను

కారు నడపడం నేర్పే మాస్టార్లను రాష్ట్రమంతటా తయారుచేయడానికి ఓ శిక్షణ పెట్టారు. దాని మొదటి బ్యాచ్ మా అనకాపల్లిలోనే. టెన్త్‌తో చదువు ఆపేసిన నాకు అందులో సీటు రావడమే గొప్ప. చివరి పరీక్ష పాసైతేనే ఉద్యోగం.

ఆ పరీక్ష తమాషాగా ఉంటుంది. శిక్షణకంతటికీ పెద్దయిన సారే ఏమీ రానివాడిలా స్టీరింగ్ ముందు కూర్చుని కావాలని తప్పులు చేస్తారు. మనం పక్కసీట్లో కూర్చుని ఓపికగా నేర్పాలి. మన కాళ్ల దగ్గరా ఓ బ్రేకు ఉంటుంది. నేనైతే మా తమ్ముడికి కారు నేర్పి నేర్పి ఆరితేరాను.

నా పరీక్ష రోజున తుమ్మపాల రోడ్డులో ఎదురుగా చెరకు ట్రాక్టరు వస్తోంది. సారు గేరు వైపు చూస్తూ కారును నేరుగా దాని మీదికే పోనిచ్చారు. నా కాలు బ్రేకు తొక్కేసింది. నా చెయ్యి ఆయన చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది.

"గేరొంక సూత్తావేట్రా, రోడ్డు సూడు. కళ్లు ఇంటికాడ మర్సిపోయి వచ్చేవేటి?" అనేశాను.

వెనకసీట్లో తన వంతు కోసం కూర్చున్న లక్ష్మి, "ఓలమ్మ, ఆయన సారు కదే" అని గొణిగింది.

ఉద్యోగం పోయిందనుకున్నాను.

సారు చెయ్యి రుద్దుకుంటూ, "బ్రేకు సరిగ్గా వేళకి వేశావు, పాసయ్యావమ్మా. ఇంతకీ రోజూ ఈ దెబ్బలు తినేదెవరు?" అన్నారు.

"మా తమ్ముడండి."

"పాపం, అతనికీ ఓ సర్టిఫికెట్ ఇవ్వాలి."

ఇప్పుడు నేర్పేటప్పుడు కుడిచేతిని తొడకింద పెట్టుకుని కూర్చుంటాను. నోటిని ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.