నీలం లైటులో తాతయ్య నవ్వు

పగడాల తొట్టికి అందరూ నీలం లైటు పెడతారు, తాతయ్య తెల్లదే ఎందుకు పెట్టాడని అడిగావు కదా బంగారం, చెప్తాను. చవకైన ఎల్‌ఈడీ కోసం ఇద్దరం నాచారం నుంచి ఉప్పల్‌లోని దుకాణానికి వెళ్లాం. కొత్తగా పెంచేవాళ్లకు నీలం రకం చాలంటూ దుకాణదారు వేసి చూపించాడు. అక్కడి తొట్టిలో పగడాలు పచ్చగా మెరిశాయి. తాతయ్య మురిసిపోయి నవ్వాడు. పైవరుసలో ముందరి రెండు పళ్లు బొగ్గులా ఉన్నాయి.

"ఏమయ్యా, నీ పండ్లకేమైంది?" అన్నాను.

"ఫికర్ జెయ్యకమ్మా, పెట్టుడు పండ్లు గీ లైట్ల గట్లనే నల్లగ కనవడ్తయ్" అన్నాడు దుకాణదారు.

తాతయ్య నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని, "తెల్లదే ఇయ్యి, పైసలెంతైనా మంచిదే" అన్నాడు.

ఇన్నేళ్లుగా నేను అవి అసలు పళ్లే అనుకున్నాను. ఆటోలో మెల్లగా అడిగాను, "ఎప్పుడు వెట్టిచ్చుకున్నవ్?"

"తొట్టిల నీళ్లు మార్చాలె" అన్నాడు.

అడిగినప్పుడల్లా నీళ్లు మారుస్తున్నాడు. పగడాలు బాగానే ఉన్నాయి. నాకు తేలాల్సింది ఒక్కటే: పెళ్లికి ముందా, తర్వాతా?