పిన్ని చేయి వణికిన రోజు

విరిగిన చెక్కబొమ్మలు అతకడం మా పిన్ని పని. చివరి ఏడాది ఆమె కుడిచేయి వణకసాగింది. ఆ సంగతి బయటికి పొక్కితే ఎవరూ బొమ్మలు తేరని ఆమె భయం. నాకొక్కదానికే తెలుసు.

ఒకరోజు టీచరమ్మ ఒకావిడ జానెడు బొమ్మ తెచ్చింది. చేతులు చాచిన పిల్ల. ఒక చేయి భుజం దగ్గర ఊడిపోయింది.

"మా నాన్న చెక్కిందమ్మా. ఇలాంటిది ఇంకోటి లేదు," అని చెప్పి వెళ్లింది.

భుజంలో విరిగిన చెక్కమేకు ముక్క ఇరుక్కుంది. అది తీస్తేగాని చేయి అతకదు. గట్టిగా లాగితే భుజం చీలుతుంది. పిన్ని వేడినీళ్ల దూది అద్ది, పాత జిగురు నానాక పట్టకారు పట్టింది. చేయి వణికింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ఆపు పిన్నీ!"

"నోర్మూసుకోవే. నీ అరుపుకే చీలేట్టుంది."

ఆ వణుకుకే మేకు కదిలి కదిలి, పాలపన్నులా ఊడి వచ్చింది.

"చూశావా, రోగం కూడా కూలికొచ్చింది!" అని నవ్వింది.

కానీ కొత్త మేకుకు జిగురు రాసి పెట్టబోయి రెండుసార్లు గురి తప్పింది. ఇక నవ్వలేదు. బొమ్మను నా చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టు."

"నాకు భయం పిన్నీ."

"నాకు లేదనుకున్నావా? నలభై ఏళ్లూ భయపడుతూనే పెట్టాను. జిగురు ఆరిపోతోంది, కానీయ్."

పెట్టాను. పైనుంచి ఆమె నా చేతిని నొక్కిపట్టింది. ఆ వణుకు నా వేళ్లలోకి పాకుతుంటే, అతుకు కదిలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను. కదల్లేదు.

ఇప్పుడు పిన్ని లేదు. మేకు పెట్టేటప్పుడు నా చేయి మీద ఏ బరువూ ఉండదు. అప్పటికంటే ఎక్కువ భయమేస్తుంది.