రెండో పాలిష్

మా అత్తమ్మ గురించి బంధువుల్లో నేను పుట్టించిన మాట ఒకటి ఇంకా తిరుగుతోంది. అది అబద్ధమని ఇక్కడ రాస్తున్నాను.

మిర్యాలగూడలో రైసు మిల్లు సూపర్‌వైజరును. మా మిల్లువాళ్లకు ఒక అలవాటుంది. ఇంటికి పోయే బస్తాను అమ్మకానికి పోయేదాని కన్నా ఒకసారి ఎక్కువ పాలిష్ పట్టిస్తాం. అన్నం ఎంత తెల్లగా ఉంటే అంత గొప్ప. తవుడు బర్రెలకు.

మా పాప మూడో తరగతికల్లా బాగా లావెక్కింది. మెట్లెక్కితే ఆయాసం. కోదాడలో అమ్మమ్మ దగ్గర సెలవులు గడిపి వస్తుంది కాబట్టి నేను నింద అక్కడ వేశాను. "ముసలామె దొంగచాటుగా స్వీట్లు పెడ్తది" అని ప్రతి ఫంక్షన్‌లోనూ చెప్పాను. పోయిన వేసవి పాపను పంపనే లేదు. నా భార్య ఎంత చెప్పినా వినలేదు.

ఈ వేసవిలో పాప మెడ నల్లబడింది. షుగరేమోనని భయపడి సూర్యాపేటలో పిల్లల డాక్టరమ్మకు చూపించాం. రిపోర్టులు చూసి ఆమె నవ్వింది.

"పరేషాన్ గాకుండ్రి. షుగర్ లేదు, థైరాయిడ్ లేదు. బరువు తగ్గితే మెడ కూడా బాగైతది."

కుర్చీలో కూలబడ్డాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడే తెలిసింది.

ఆటల గురించి, మందుల గురించి అడిగాక ఏ బియ్యం తింటారంది. రెండోసారి పాలిష్ పట్టిన తెల్లబియ్యమని, తవుడంతా బర్రెలకేనని గర్వంగానే చెప్పాను.

"అంటే పీచంత బర్రెకు, ఉత్త పిండి బిడ్డకా?" అందామె. "పేగులల్ల మంచి బ్యాక్టీరియా ఉంటది సార్. దాని తిండే పీచు. లావున్న పిల్లలల్ల ఆ బ్యాక్టీరియా తీరు మారుతదని పరిశోధనలు జరుగుతున్నయి. ఇదొక్కటే కారణమని నేను చెప్ప. ఆట లేదు, జలుబు చేస్తే చాలు యాంటీబయాటిక్ తాగిస్తిరి. అన్నీ కలిసినయి."

"మరి అమ్మమ్మ పెట్టే స్వీట్లు?" అన్నాను, పట్టు వదలక.

పాప నా వైపు చూసింది. "స్వీట్లెక్కడివి డాడీ? అమ్మమ్మకు షుగర్ గదా. పొద్దున జొన్నరొట్టె, రాత్రి జొన్నరొట్టె. ఆకుకూర తినకుంటే టీవీ పెట్టది."

నా భార్య రిపోర్టులు మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. దవాఖాన బయటికి రాగానే మిర్యాలగూడ బస్సు వదిలేసి కోదాడ బస్సెక్కాం.

అత్తమ్మ వాకిట్లో గోంగూర తుంచుతోంది. చెప్పులు విప్పకుండానే అనేశాను. "అత్తమ్మా, మీ మీద లేనిపోనివి చెప్పిన. తప్పు నాది."

"తెలుసులెండి అల్లుడుగారూ. మీరు చెప్పినోళ్లు నాకు చెప్పకుండా ఉంటారా?" ఆమె గోంగూర మీది నుంచి తల ఎత్తలేదు. "షుగరు మనిషి ఇంట్లో స్వీటు షాపు పెట్టిందని వాళ్లే నవ్వారు. పిల్లను ఆపారు చూడండి, అదే బాధేసింది."

"ఈ సెలవులన్నీ ఇక్కడే ఉంచుకోండి."

అప్పుడు తల ఎత్తింది. కళ్లు తుడుచుకుని, "లోపలికి రండి. మీరూ తినాలి మరి, రొట్టెలే ఉన్నాయి" అంది.

"గిప్పుడు నువ్వే సూడు డాడీ, స్వీట్లున్నయేమో," అంది పాప, నా చెయ్యి పట్టి లోపలికి లాగుతూ.

రొట్టె గట్టిగానే ఉంది. రెండోది అడిగి పెట్టించుకున్నాను.