తలకిందులైన గూడబాతు

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేస్తే, మా లెక్కల మాస్టారు వీధి చివరి దాకా వచ్చి సాగనంపారు. అభిమానం అనుకునేరు. మళ్ళీ వెనక్కి తిరుగుతానేమోనని కాపలా.

అలాంటి నేను ఇప్పుడు ఏలూరులో, పవర్‌పేట స్టేషనుకు దగ్గర్లో ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా అడా అనే భాషలో ప్రోగ్రాములు రాస్తుంటాను. ఛార్జింగ్ పిన్ను మార్పించుకోవడానికి వచ్చే ఇంజనీరింగ్ పిల్లలు నా తెర వంక చూసి, "ఇదేం లాంగ్వేజ్ అంకుల్? దీంతో జాబ్ వస్తుందా?" అని జాలిపడతారు. "నాకు కొట్టుందిగా నాన్నా, జాబులన్నీ మీకే వదిలేశాను" అంటాను.

ఈ భాష నాకు పాత పేపర్ల బండి మీద దొరికింది. అట్ట ఊడిన పుస్తకం. పక్కనున్న వాటికన్నా తేలికగా ఉందని కొన్నాను. లోపల అంత తేలిక కాదని ఇంటికొచ్చాక తెలిసింది. ఫోనులో ఒక్కో ఇంగ్లీషు మాటకూ అర్థం వెతుక్కుంటూ చదివాను. మనం రాసినదాన్ని ముందు కంపైలర్ చదువుతుంది. ఒప్పుకుంటేనే మిషను నడిపే రూపంలోకి మారుస్తుంది. కొన్ని భాషల కంపైలర్లు చూసీ చూడనట్టు పోతాయి. అడా కంపైలర్ కొత్తగా డ్యూటీలో చేరిన టికెట్ కలెక్టరు. చేపల లెక్క ఒక రకం, చెరువుల లెక్క ఇంకో రకం అని ముందే చెప్పి పెడితే, రెండూ అంకెలే కదా అని తర్వాత కూడబోయినా కూడనివ్వదు. ఇలా మనకు కావలసిన రకాలు మనమే పుట్టించుకోవచ్చు. ఇంత అనుమానం ఎవరు, ఏ నష్టం చూశాక ఈ భాషలో పెట్టి ఉంటారా అని నాకు మొదటి నుంచీ కుతూహలం.

నిరుడు వానాకాలంలో తంగెళ్ళమూడి నుంచి చాచీ వచ్చింది. తివాచీలు నేసే మనిషి. చుట్టరికం లేదు కానీ, వాళ్ళ వీధిలో అందరూ అలా పిలుస్తారు కాబట్టి నేనూ పిలుస్తాను. చంకలో చుట్ట చుట్టిన గ్రాఫు కాగితం ఉంది. కొట్టులో బల్ల మీద పరిచింది. నీళ్ళలో నిలబడ్డ గూడబాతు, చుట్టూ అంచు. ఒక్కో గడి ఒక్కో ఉన్ని ముడి.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పుట్టింది కొల్లేటి లంకలో. హాల్లో గుమ్మానికి అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా చూసుకుంటున్న గూడబాతుల తివాచీలు గోడకు తగిలించాలని ఆయన ముచ్చట. ఒకటి నేయడం అయిపోయింది. రెండోదానికి పిట్ట మొహం అటు తిరగాలి. గ్రాఫు గీసిచ్చినాయన తణుకులో ఏదో ఫ్యాక్టరీలో చేరిపోయాడు.

"కుడి నుంచి ఎడమకి చూసుకుంటూ నేసేస్తే సరిపోదా చాచీ? మీరు ఉర్దూ అలాగేగా చదువుతారు" అన్నాను.

"చదవడానికి కళ్ళు అటు తిరిగితే చాలు. నేయడానికి చేతులు తిరగాలి. ఈ పిట్టకి అలవాటుపడ్డ చేతులు తిరగనంటున్నాయయ్యా. నేసిందంతా విప్పుకున్నా" అంది. "జత కుదిరితే ఆ గూడెం ఆయన మేడ మీదకి కూడా ఇంకో జత చెబుతానన్నాడు. కుదరకపోతే మగ్గం తీసేస్తారు. మా పెద్దోడు టేపు పెట్టి గది కొలిచేశాడు, అద్దెకి ఇద్దామని" అంది.

నవ్వుతూనే చెప్పింది. నాకే నవ్వు రాలేదు.

పని చిన్నదే అనుకున్నాను. గ్రాఫును గడిగడిగా ఎక్కించి, కుడి ఎడమలు మార్చి, ఒక్కో వరసలో ఏ రంగు ముడులు ఎన్ని వేయాలో వరస ప్రకారం అచ్చు తీసివ్వడం. ముందు రంగుల పేర్లతో ఒక రకం పుట్టించాను. ఏ రంగుకు ఏ గుర్తు అచ్చు వేయాలో రాశాను. తరవాత పిట్ట మూతి కింది సంచికి గులాబీ ఉందని చూసుకుని, దాన్నీ చేర్చాను. కంపైలర్ మొండికేసింది. గులాబీ అనే రంగుందన్నావు, దాని గుర్తేమిటో చెప్పలేదే అంటుంది. "మిగతావన్నీ బూడిద రంగే" అని ఒక మాట రాసి దాని నోరు మూయించవచ్చు. మూయించాను. సంచి కాస్తా బూడిద రంగులో కలిసిపోయింది. ఆ మాట కొట్టేసి, బుద్ధిగా గులాబీకి విడిగా గుర్తు రాశాను.

మగ్గం మీద తివాచీ కింది నుంచి పైకి పెరుగుతుంది. నేను గ్రాఫును పై నుంచి ఎక్కించాను. కాబట్టి చివరి వరస నుంచి ఒకటో వరస దాకా అచ్చు వేయమని రాశాను. ప్రింటరు చక్కటి తెల్ల కాగితం ఇచ్చింది.

చాచీ అటూ ఇటూ తిప్పి చూసింది. "కొల్లేటి మీద మంచు పట్టిందా ఏంటి?"

"కంగారు పడకండి చాచీ, లోపలుంది పిట్ట."

కారణం వెతికితే ముచ్చటేసింది. అడాలో లెక్క ఎప్పుడూ ముందుకే నడుస్తుంది. పెద్ద అంకె నుంచి చిన్న అంకె దాకా వెళ్ళమంటే అది తప్పని ఆగదు, మధ్యలో ఏమీ లేదనుకుని ఊరుకుంటుంది. గూడెం నుంచి తూర్పుకే పోయే బండెక్కి పడమటనున్న భీమడోలు ఎప్పుడొస్తుందని అడగడం లాంటిది నా పని. వెనక్కి నడవాలంటే వెనక్కి అని విడిగా చెప్పాలి. ఈ సంగతి కంపైలర్ ముందే హెచ్చరించింది కూడా. హెచ్చరికలు చదివే అలవాటే ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది.

సరిచేసి కాగితాలు ఇచ్చాను. ఆవిడ వెళ్ళి అంచు నేసి, లోపలి బొమ్మలోకి వచ్చి, కొన్ని వరసలు వేసి ఆగిపోయింది. మళ్ళీ కొట్టుకొచ్చింది. చేతిలో రెండు ఉన్ని పోగులు, ఒకటి ముదురు నీలం, ఒకటి లేత నీలం.

"అంచు దాటగానే చెరువు రావాలి కదయ్యా. నీ కాగితంలో ఆకాశం వస్తోంది."

అప్పటిదాకా నేను బొమ్మ అచ్చు తీయనే లేదు, అన్నీ లెక్కలే. తీస్తే, గూడబాతు నెత్తి మీద నిలబడి ఉంది. కుడి ఎడమలు మార్చబోయి పైదీ కిందిదీ మార్చేశాను. నాకు తెలివి పొంగుకొచ్చింది.

"ఇంకేం చాచీ, నేసేయండి. అయ్యాక తిప్పి తగిలిస్తే కాళ్ళు కిందికే వస్తాయి. మొహం కూడా మనకి కావలసిన వైపే తిరుగుతుంది."

ఆవిడ నన్ను ఇంటికి తీసుకెళ్ళి, నా చెయ్యి పట్టుకుని, మొదట నేసిన తివాచీ మీద పై నుంచి కిందికి నిమిరించింది. పిల్లి వీపులా మెత్తగా ఉంది. కింది నుంచి పైకి నిమిరించింది. గరుకు. రంగు కూడా ఒక్కసారిగా ముదిరింది. ముడుల కొసలన్నీ ఒకే వైపు వాలి ఉంటాయట. తిప్పి తగిలిస్తే ఒక పిట్ట పగట్లో, ఇంకోటి చీకట్లో ఉన్నట్టు కనిపిస్తాయి.

"జత అంటారా బాబూ దాన్ని?"

ఇంటికొచ్చి ప్రోగ్రాము ముందు కూర్చున్నాను. ఇంత అనుమానపు కంపైలర్ దీన్నెలా వదిలేసిందన్నదే నా ప్రశ్న. చూస్తే తప్పు దానిది కాదు. వరసల అంకెనూ, వరసలో ముడుల అంకెనూ నేను ఒకే మామూలు అంకె కింద రాసేశాను. వేరు చేసుకునే వసతి ఉంది, బద్ధకించి వాడుకోలేదు. నేను చెప్పని తేడా దానికెలా తెలుస్తుంది?

వరస ఒక రకం, ముడి ఇంకో రకం అని రెండు మాటలు రాసి, మళ్ళీ కంపైలర్‌కు ఇచ్చాను. తెర నిండా తప్పులు. ఒక్కో దాన్నే దిద్దుకుంటూ పోతే, ముడిని తిప్పాల్సిన చోట వరసను తిప్పిన ఆ ఒక్క లైనూ దొరికింది. ముడి అడిగితే వరస ఇస్తావేమిటి అని వేలెత్తి చూపిస్తోంది. తిట్లు తింటూ అంత ఆనందపడ్డ సందర్భం నాకు ఇంకోటి లేదు.

ఈసారి ముందు బొమ్మ అచ్చు తీసి, కాళ్ళు కిందున్నాయని చూసుకుని, ఆ తరవాతే లెక్కలు ఇచ్చాను. చాచీ ఆకాశాన్ని విప్పేసింది. అంచు రెండు వైపులా ఒకటే కావడంతో అది దక్కింది. చెరువు, కాళ్ళు, గులాబీ సంచి, ముక్కు వరసగా పైకి లేచాయి.

గూడెంలో తగిలించిన రోజు నేనూ వెళ్ళాను. వ్యాపారి గుమ్మం మధ్యలో నిలబడి అటోసారి ఇటోసారి చూశాడు. "ఇదిగో, ఇలా రా, ఇవి మాట్లాడుకుంటున్నట్టున్నాయి" అని భార్యను పిలిచాడు. మేడ మీదకి ఎర్రకాళ్ళ కొంగలు కావాలని అప్పుడే చెప్పేశాడు. ఆ వారంలోనే చాచీ పెద్దకొడుకు టేపు పక్కన పడేసి, మగ్గానికి కొత్త పడుగు ఎక్కించడానికి సాయం పట్టాడు.

కొంగల గ్రాఫు కోసం చాచీ మళ్ళీ కొట్టుకు వచ్చినప్పుడు నాకు కొంచెం గర్వం ఎక్కింది.

"ఇక మీకు బెంగలేదు చాచీ. వరసలూ ముడులూ వేరు చేసేశానుగా, నేను తప్పు రాసినా అది ఒప్పుకోదు" అన్నాను.

"అయితే దాన్నే పంపించు బాబూ" అంది, "మధ్యలో నువ్వెందుకు?"