చిన్నాయన పెళ్లికి ముందు గీసిన గీత

మీ ఇంట్లో ఏది మనది, ఏది బయటిది అని మీరెప్పుడైనా విడదీసి చూశారా? చూస్తే, ఎక్కడ ఆపారు? నా చిన్నప్పుడు, తొంభైల మొదట్లో, నేనొకసారి ఆ పని చేశాను. సగంలో ఆపేశాను. ఆ సగం తెలివితో వెళ్లి ఒక మనిషిని మా ఇంటి పెళ్లికి రావద్దని చెప్పి వచ్చాను.

మాది హైదరాబాదు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో పాలవాళ్ల ఇల్లు. పెరట్లో ఆరు బర్రెలు. గల్లీ చివర మర్ఫా వాయించే చాచా ఉండేవాడు. వాళ్ల ముత్తాతలు నిజాం పల్టన్‌లో సిపాయిలుగా చేరడానికి అరబ్బు దేశం నుంచి సముద్రం దాటి వచ్చారు. వాళ్లు వెంట తెచ్చుకున్న డప్పుల మోతే మర్ఫా. మా వాడలో ఎవరి పెళ్లయినా పెళ్లికొడుకు ముందు అది మోగాల్సిందే. మా తాతయ్య పెళ్లికి చాచా తండ్రి వాయించాడు. మా నాన్న పెళ్లికి చాచా వాయించాడు. చిన్నాయనకు పెళ్లి కుదిరినప్పుడు చాచాను ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదు. ఇంట్లో మనిషిని ఎవరు పిలుస్తారు?

ఆ నెలలోనే మా బడి సారు ఒక పని చెప్పాడు. ఆయన కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చినవాడు, మంచివాడు, ఆవేశపరుడు. తెల్లవాడు పోయినా వాడి పెత్తనం మన ఇళ్లలో ఇంకా తిష్ఠ వేసుకుని ఉందని ఆయన చెబుతుంటే మా పిడికిళ్లు బిగుసుకునేవి. నోట్‌బుక్కులో నిలువుగా గీత కొట్టి, ఒక పక్క మనవి, మరో పక్క బయటివి రాసి తెమ్మన్నాడు. నాకు పదేళ్లు. బయటి పక్కన మొట్టమొదట మర్ఫా రాశాను. మన పక్కన బ్యాండు మేళం, మిరపకాయ, ఆలుగడ్డ, చాయ్, మా బర్రెలు రాశాను. ఎర్రకోటు, జరీ అంచు, తళతళలాడే ఇత్తడి బూర. అంత అందమైన బ్యాండు మనది కాకపోతే ఇంకెవరిదవుతుంది? వేరే వాడల స్నేహితుల పెళ్లిళ్లలో బ్యాండు చూసి తనకూ అదే కావాలంటున్న చిన్నాయన నా జాబితా విని పొంగిపోయాడు. “సూసిన్రా, సదువుకున్న పిల్ల గిట్ల ఉంటది” అన్నాడు.

ఆ పొగడ్త తలకెక్కి నేరుగా చాచా ఇంటికి నడిచాను. ఆయన గుమ్మం ముందు కాగితాలు మండించి, ఆ సెగకు డప్పు తోలు బిగిస్తున్నాడు. మా చిన్నాయన పెళ్లికి రావద్దని, మర్ఫా మనది కాదని, మీరు బయటివాళ్లని చెప్పాను. ఆయన డప్పును ఇంకోవైపు తిప్పాడు.

“అచ్ఛా. నేను బయటోన్నా బేటీ? ఇన్నేండ్లయింది, ఒక్కలన్న చెప్పకపోతిరి.”

నేను గర్వంగా ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి చాచా పాలకు రావడం మానేశాడు. మూడో రోజు తాతయ్య ఆయన ఇంటికి వెళ్లి, మాట్లాడి తిరిగొచ్చి నన్ను పిలిచాడు. వీపు పగులుతుందనుకున్నాను. తాతయ్య నోట్‌బుక్కు చదవమని చెప్పి, కళ్లు మూసుకుని అంతా విన్నాడు.

“మంచిగ రాసినవ్ బిడ్డా. గని సగమే అయింది. పెన్సిల్ వట్కొని నడువు.”

ఉస్మాన్‌గంజ్ వైపు ఒక బ్యాండు దుకాణం ఉండేది. తాతయ్య ఏమీ తెలియనట్టు ఆ కోటు ఎక్కడిదని బ్యాండు మేస్త్రీని అడిగాడు. మేస్త్రీ ఛాతీ పొంగింది. “అసలు ఇంగ్లీష్ పల్టన్ కోటు తాతా. మా తాత కంటోన్మెంట్‌ల తెల్లదొరల బ్యాండు జూసి నేర్చుకున్నడు. బూర గూడ గాళ్లదే, అడుగేసుడు గూడ గాళ్లదే.” నా పెన్సిల్ ఆగిపోయింది. పక్కన దినుసుల దుకాణంలో పత్రికలు తెగ చదివే సేటు ఒకాయన ఉండేవాడు. మిరపకాయ, ఆలుగడ్డ ఓడలెక్కి వచ్చాయని, చాయ్ మనకు అలవాటు చేసింది తెల్లవాడేనని ఆయన చెప్పాడు. ఒక్కొక్కటే మన పక్క నుంచి కొట్టేశాను. చివరికి బర్రెలు మిగిలాయి.

“అయితే బ్యాండు గూడ వద్దు తాతా” అన్నాను, ఏడుపు గొంతుతో.

“మరి పెండ్లికి ఒట్టి బర్రెలనే పిలుస్తమా బిడ్డా?”

సేటు నవ్విన నవ్వుకు చేతిలోని తక్కెడ ఊగింది. నాకూ నవ్వొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు తాతయ్య నెమ్మదిగా చెప్పిన మాట ఇది. “ఏడికెళ్లొచ్చిండని అడుగు, తప్పులేదు. గని ఆడ్నే ఆగకు. మన మెడ మీద కూసున్నడా, మన పక్కన కూసున్నడా, గది గూడ అడుగు. మీ నాయనమ్మ పోయిననాడు మేమందరం ఏడుసుకుంట కూసుంటే, బర్రెలకు గడ్డేసింది చాచానే.”

ఆ సాయంత్రమే పాలచెంబు పట్టుకుని వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక చెంబు ముందుకు చాపాను. చాచా అందుకోలేదు. “ఇప్పుడు నేను బయటోన్నా, లోపటోన్నా?” అని అడిగాడు. నా కళ్లలో నీళ్లు చూసి, చెంబు తీసుకుని, చాయ్ తాగుదాం రమ్మన్నాడు. “చాయ్ కూడా బయటిదేనట చాచా” అన్నాను. ఆయన నవ్వు గల్లీ మొదటి దాకా వినిపించి ఉంటుంది.

పెళ్లికి రెండూ మోగాయి. ముందుగా బ్యాండు ఏదో సినిమా పాట ఎత్తుకుంది. వెనకనుంచి మర్ఫా దాన్ని తరిమి పట్టుకుంది. కాసేపటికి ఎర్రకోటు మేస్త్రీయే ఓడిపోయి, మర్ఫా దరువుకు బూర ఊదడం మొదలుపెట్టాడు. అంత పొగరుగా బ్యాండు కోరిన చిన్నాయన గుర్రం దిగి చాచా ముందు ఎగిరాడు. మా సారు కూడా వచ్చాడు. నేను తెచ్చి చూపించిన నోట్‌బుక్కులో కొట్టివేతలతో నిండిన జాబితా, కింద ఒంటరిగా నిలిచిన ‘బర్రెలు’ అన్న మాట చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మాయ్, నేను మీకు సగం పాఠమే చెప్పానన్నమాట” అని, జేబురుమాలు గాలిలో తిప్పుతూ రెండడుగులు వేశాడు. పిల్లల ముందు తన తప్పు ఒప్పుకున్న ఆ మేష్టారి మీద నాకు ఈరోజుకీ గౌరవమే.

తాతయ్య మాటను అప్పటి నుంచి ఎన్నో సభలకు, ఎన్నో వాదాలకు మోసుకెళ్లాను. తెల్లవాడి పెత్తనాన్ని నేను క్షమించలేదు, క్షమించను. కానీ వాడు వదిలిన ఎర్రకోటును మా బ్యాండువాళ్లు ఎప్పుడో చెమటతో తమది చేసుకున్నారు. మనం ఇంకా భద్రంగా దాచుకుంటున్నది మనుషుల మధ్య కొట్టే ఆ నిలువు గీతను. పరిపాలించడానికి వాడికి ఆ గీత కావలసి వచ్చింది. కలిసి బతకడానికి మనకెందుకు?

మీ నోట్‌బుక్కులో కూడా ఆ గీత ఉంటే ఇవాళే బయటికి తీయండి. ఎదుటివాడి పేరు రాసే ముందు మీ చొక్కా గుండీతో మొదలుపెట్టండి, మీ కూరలోని మిరపకాయను రాయండి, చివరిదాకా రాయండి. ఆ తర్వాత, మీరు రావద్దన్న మనిషి ఇంటికి చెంబెడు పాలు పట్టుకుని వెళ్లండి.