వెనక్కి తీసుకున్న ప్రార్థన

మొన్న కూరగాయల కొట్లో సోయికూర కట్ట వాసన చూడగానే చిన్నప్పుడు మేమున్న గల్ఫ్ ఊరు రుస్తాఖ్‌లోని ఈవా ఆంటీ గుర్తొచ్చింది. ఆమె పోలండ్ మనిషి. అమ్మ నర్సుగా చేసే ఆసుపత్రిలోనే ఫిజియోథెరపిస్టు. మా పక్కింట్లో సోయికూర వేసి దోసకాయలు ఊరబెడుతూ, వాళ్ళ దేశపు ఫుట్‌బాల్ లీగు ఫోన్లో చూసేది. ఆమె ఊరి జట్టు లీగులోంచి జారిపోయేటంత అడుగున ఉండేది.

ఒకరోజు ఆ జట్టు పాయింట్లు సగానికి సగం తగ్గిపోయి కనిపించాయి. ఏదో తప్పుకి శిక్ష వేశారనుకుని నాకు ఏడుపొచ్చేసింది. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. మనవులు చెప్పమనగానే లేచి, "ఈవా ఆంటీ జట్టు పాయింట్లు తిరిగిచ్చెయ్యాలండి" అన్నాను. కాకినాడ, రాజమండ్రి నర్సు ఆంటీలంతా మోకరించి "ఆమేన్" అన్నారు.

సాయంత్రం ఆ సంగతి విని ఈవా ఆంటీ పడీపడీ నవ్వింది. ముప్పై మ్యాచ్‌లయ్యాక అందరి పాయింట్లూ సగం చేయడం అప్పట్లో అక్కడి నియమమట. పై జట్టుతో ఎనిమిది పాయింట్ల తేడా ఒక్కసారిగా నాలుగైందని ఆమె సంబరం.

"అమ్మా, దేవుడు వినేసి అందరి పాయింట్లూ తిరిగిచ్చేస్తే ఎలాగే?"

"వచ్చే శుక్రవారం నువ్వే చెప్పుకో."

చెప్పాను. "పోయిన వారం ప్రార్థన క్యాన్సిల్ చేసెయ్యండి ప్రభువా."

అందరూ మళ్ళీ మోకరించారు. ముందు వరుసలో తలలు వంచుకున్న ఆంటీల భుజాలు అదురుతుంటే, జట్టు కోసం ఏడుస్తున్నారనే చాలా ఏళ్ళు అనుకున్నాను.