ఎలీసమ్మ జున్ను

ఆ రోజుల్లో క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలంటే (ఆగమనకాలం అంటారు) నాకు మహా విసుగు. ప్రతి వారం అయ్యగారు (మా చర్చిలో పాస్టరుగారిని అలాగే పిలుస్తాం) "రక్షకుడి రాకకై ఎదురుచూస్తూ కనిపెట్టుకొని ఉండండి" అనేవారు. నేనేమో ఉదయగిరిలో ఇంటర్ చదువుతూ, బస్సు కాస్త ఆలస్యమైతే కండక్టరుతో పోట్లాటకు దిగే రకాన్ని. నాకు అలా కనిపెట్టుకొని ఉండటం నేర్పాలంటే అయ్యగారి వల్ల అయ్యేపని కాదు. తొంభైల్లో ఒక ఏడాది ఆ పని మా బర్రె మీద పడింది.

మా ఊరు ఉదయగిరికీ వింజమూరుకీ మధ్యన. మా చిన్నాయన భార్య, అంటే మా పిన్నమ్మకు, కాపురానికొచ్చి తొమ్మిదేళ్ళయినా పిల్లల్లేరు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఊళ్ళోవాళ్ళు మాత్రం పనిగట్టుకొని ఎత్తుతారు. అలాంటి ఇంట్లో ఒక రాత్రి అన్నాల దగ్గర నాయన, "ఆ గొడ్డుమోతు బర్రెకి మేత దండగ. ఆత్మకూరు బేరగాడికి కబురు పెట్టినాను, వచ్చి తోలుకపోతాడు" అన్నాడు. బర్రె రెండేళ్ళుగా ఈనలేదు, ఆయన మాటలో తప్పేమీ లేదు. కానీ మజ్జిగ పోస్తున్న పిన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. అది నాయన తల్లి, మా అవ్వ చూసింది.

"ఆ మాటతో ఈ ఇంట్లోనించి ఏదీ బయటికి పోకూడదు. బర్రె యాడికీ పోదు" అంది అవ్వ.

"ఎందుకు పోదు?"

"చూడితో ఉండాది గనక."

"ఎవురు చెప్పినారు?"

"నేను చెప్తా ఉండా గదా!"

ఆ ఆదివారమే అయ్యగారు ముసలితనంలో బిడ్డను కన్న ఎలీసబెతు గురించి చెప్పారు. దేవుడు మాటిస్తే అసాధ్యమన్నది లేదన్నారు. తర్వాత సాక్ష్యాలు. సాక్ష్యమంటే జరిగిన మేలుకు చెప్పేది. మా అవ్వ లేచి, జరగని మేలుకు చెప్పేసింది. "నా బర్రె ఆ ఎలీసబెతమ్మకంటే ముసలిదేం కాదు. పండక్కి ఈనతాది. మొదటి జున్ను సంఘమంతటికీ. స్తోత్రం!" చర్చి మొత్తం 'ఆమెన్' అని అరిచింది. (ప్రసంగానికి అంత ఆమెన్ ఏనాడూ రాలేదు.) నేను చాప కింద దూరే చోటు వెతుక్కున్నాను.

"చూడి కట్టినా పది నెలలు మోయొద్దా మా?" అని నాయన దారి పొడుగునా మొత్తుకున్నాడు. పిన్నమ్మ మాత్రం పైట నోటికడ్డం పెట్టుకొని ఇంటిదాకా నవ్వుతూనే వచ్చింది. పాకలోకి పోయి బర్రె ముందు తవుడు పెట్టి, "తిను ఎలీసమ్మా, సంఘమంతా నీమీదే ఆశ పెట్టుకోనుండాది" అంది. ఆ పేరు దానికి అలాగే ఉండిపోయింది.

ఇక నాకు నిద్ర లేదు, చదువు లేదు. అవ్వ పరువు పోతే పోనీ, ఆ బర్రెను గొడ్డుమోతుదని తోలుకుపోతుంటే పిన్నమ్మ ముఖం ఎలా చూడాలి? కాలేజీకి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి పాకలోకి పరుగెత్తి ఎలీసమ్మ పొట్టకు నా ఓణీ చుట్టి కొలిచేదాన్ని. ఒక రోజు ఓణీ అందేది కాదు, ఇంట్లోకి పరుగెత్తి కేకలు పెట్టేదాన్ని. మర్నాడు సుబ్బరంగా అందేది. (ముందు రోజు మేత ఎక్కువ పడిందన్నమాట.) దారిలో అంగడివాడు కూడా, "జున్ను ఎప్పుడు మే?" అనేవాడు. కాలేజీలో ఓణీకి పేడ వాసనొస్తోందని పక్కపిల్ల జరిగి కూర్చునేది.

పండగొచ్చింది. ఎలీసమ్మ నెమరు వేసుకుంటూ పడుకుంది. చర్చికి కొంతమంది ఆడవాళ్ళు మూత గిన్నెలు కూడా తెచ్చుకున్నారు! అవ్వ తల దించుకోలేదు. "రక్షకుడి కోసం ఎన్ని తరాలోళ్ళు కాచుకోనున్నారు? మీరు జున్నుకి ఆగలేరా?" అని వాళ్ళనే కోప్పడింది. పండగ వెళ్ళాక బేరగాడు వస్తే పాకకు అడ్డంగా మంచం వేసుకొని కూర్చుంది. అతను కాసేపు చూసి, మంచినీళ్ళు తాగి ఆత్మకూరు బస్సెక్కాడు.

ఆ ఏడు మా ఇంట్లో ఆగమనకాలం ఎండాకాలం దాకా సాగింది. మాఘమాసం దాటాక ఓణీ నిజంగానే అందడం మానేసింది. రోహిణి ఎండల్లో ఒక మధ్యాహ్నం పిన్నమ్మ కేకకు పరుగెత్తితే, ఆమె దూడ ముందుకాళ్ళు పట్టుకొని లాగుతూ ఏడుస్తోంది, నవ్వుతోంది. పెయ్యదూడ. "కొండకింద మందలో ఎప్పుడు చూడి కట్టిందో ఏమో" అని గొణిగి, నాయన తన తలగుడ్డతోనే దాన్ని తుడిచాడు.

పొయ్యి మీద జున్ను ఉడుకుతుంటే బెల్లం, మిరియాల వాసన వీధిదాకా పోయింది. అందరూ సంతోషంగా ఉన్నారు. నేనే ఆ సంతోషంలో కలవలేకపోయాను. ఉండబట్టలేక అడిగేశాను. "అవ్వా, బర్రెకిచ్చిన దేవుడు పిన్నమ్మకెందుకు ఇయ్యలేదు?"

పిన్నమ్మ పొయ్యి ముందే ఉంది. నాలుక కొరుక్కున్నాను కానీ మాట దొర్లిపోయింది. అవ్వ ఏదో బైబిలు వాక్యం చెప్తుందనుకున్నాను. చెప్పలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. "నన్నడగతావేంది మే? ఇన్నేండ్లుగా నేనాయన్ని అడిగేది అదే. బదులు చెప్పేదాకా ఇడిచిపెట్టేది లేదు" అంది.

పిన్నమ్మ పైట చెంగుతో గిన్నె దించి, మొదటి ముక్క కోసి అవ్వ చేతిలో పెట్టింది. "ముందిది తిను అత్తా. ఆయనతో పోట్లాడాలంటే వంట్లో సత్తువుండాల." సంఘానికి మొక్కుకున్న మొదటి ముక్క అవ్వే తినేసింది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం.

పిన్నమ్మకు పిల్లలు కలగలేదు. అవ్వ అడుగుతూ అడుగుతూనే పోయింది. ఇప్పుడు నేను ఆత్మకూరులో పిల్లలకు సండేస్కూలు చెప్తున్నాను. డిసెంబరులో ఎలీసబెతు పాఠం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు, "అడిగినోళ్ళందరికీ దేవుడిస్తాడా టీచర్?" అంటారు. పదహారేళ్ళప్పుడైతే పెద్దయ్యాక ఇలాంటివన్నీ తెలిసిపోతాయనుకునేదాన్ని. "నేనింకా అడుగుతానే ఉన్నాను రా" అంటాను. పిల్లలు అదేదో హాస్యమనుకొని నవ్వుతారు. వాళ్ళందరికంటే గట్టిగా నవ్వేది, నాతోపాటు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్న మా పిన్నమ్మే.